ఎన్క సీటు పక్కన జాలి

ఆర్మూర్
19 ఫిబ్రవరి 2025, బుధవారం

మామా,

శనార్థులు. ఫోన్ చేస్తె నీకు ఇనబడది. నేను అరుస్తె పక్కింటోళ్లు తలుపులు తీసి చూస్తరు. మొన్న పావుగంట మాట్లాడినం. నేను "కారుల లైట్ వచ్చింది" అంటె నువ్వు "అవునవును, మంచి లైటే, దూరందాక పడ్తది" అన్నవ్. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. అందుకే కాయితం మీద రాసి ఫోటో కొట్టి పంపుతున్న. నువ్వు సుత గట్లనే రాయి.

సంగతేందంటె, ఏడు నెలల కింద నువ్వు చెప్తేనే కద హైదరాబాద్ పోయి గీ పాత హైబ్రిడ్ కారు తెచ్చుకున్నం. "సగం తొవ్వ బ్యాటరీ మీదనే పోతది, మా షార్జాల టాక్సీలన్ని అవే" అన్నవ్. నిజమే, పెట్రోల్ తక్కువనే తాగుతున్నది. మా అత్తమ్మ లింగవ్వకు కిడ్నీలు పాడయినప్పటి సంది సోమ, బుధ, శుక్రవారాలు నిజామాబాద్ దవాఖానకు డయాలసిస్‌కు తీస్కపోయేది నేనే. పొద్దుగాల ఐదింటికి బయల్దేరుతం. మిషిన్ మీద నాలుగు గంటలు. మిట్టమధ్యాహ్నం వాపస్. మా గల్లీల సెల్‌ఫోన్ దుకాణం నడిపే శ్రవణ్‌కు సుత అదే బీమారి, ఆయన సుత మాతోనే వస్తడు.

పది రోజుల సంది మీటర్ల ఎర్రగ ఒక గుర్తు వెల్గుతున్నది. దాని పక్కన, హైబ్రిడ్ సిస్టమ్ చూపించుకోమని ఇంగ్లీషుల రాత. వస్తది, పావుగంట ఉంటది, పోతది. రెండు రోజులు రాదు. ఇగ పీడ పోయిందనుకున్న నాడు మల్ల వస్తది. మెకానిక్ దగ్గరికి తీస్కపోతె ఏమెరుగనట్టు కూసుంటది. పెర్కిట్ కాడ ఒకాయన బ్యాటరీ వైర్లు పీకి మల్ల పెట్టి "అయిపోయిందమ్మా" అన్నడు. మర్నాడే వచ్చింది. మామా, తోలుతున్నంత సేపు నా కండ్లు తొవ్వ మీద ఉంటలేవు. ఎన్క ఒక ముసలామె పండుకొని ఉంటది, నడిమిట్ల ఆగిపోతె ఏం చెయ్యాలె?

నువ్వు పదకొండేండ్ల సంది గ్యారేజ్ల మెకానిక్‌వి. ఏం చెయ్యాల్నో నువ్వే చెప్పు.

బాల్కొండల మీ ఇంటికాడ రాజమణి అత్త మంచిగున్నది. మొన్న మార్కెట్ల కనబడ్డది, నువ్వు ఫోన్ల ఉత్త మూడు ముక్కలు మాట్లాడి పెట్టేస్తున్నవట.

నీ మేనకోడలు
రోజారాణి


షార్జా
22 ఫిబ్రవరి 2025

బిడ్డా రోజా,

నీ కాయితం నాలుగుసార్లు చదివిన. నీ రాత మీ అమ్మ రాతలెక్కనే ఉన్నది, ఎన్క నుంచి ఎవ్వలో తరుముతున్నట్టు.

జర కూడ ఫికర్ చెయ్యకు. మా దగ్గర రోజుకు ఇసుంటి కార్లు రెండు వందలు వస్తయ్ పోతయ్. గీ కారుల రెండు బ్యాటరీలుంటయ్. ఒకటి చిన్నది, మామూలు కార్లల్ల ఉండేదే. ఇంకొకటి పెద్దది, ఎన్క సీటు కింద ఉంటది, కారును గుంజేది అదే. చిన్నది బలం తగ్గితె కంప్యూటర్‌కు సరిగ కరెంట్ అందక ఉన్నయ్ లేనియ్ లైట్లు ఏస్తది. ముందుగాల దాన్ని చెక్ చేపియ్. బలహీనముంటె మార్చు. ఎవ్వలు చెప్పినా పెద్దదాని జోలికి పోకు, దాని ఖర్చు మనం భరించలేం. ఇగ వైర్లు పీకనియ్యకు. పీకితె కంప్యూటర్ యాది మర్చిపోతది, తర్వాత చూసెటోనికి ఏం దొరకది.

లైట్ వచ్చినప్పుడల్ల ఒక నోట్‌బుక్‌ల రాసుకో. ఎంత దూరం పోయినంక వచ్చింది, ఎండనా చల్లగనా, ఏసీ నడుస్తున్నదా లేదా. ఎన్క సీట్ల ఎవ్వలు కూసుంటున్నరో అది సుత తప్పకుండ రాయి.

రాజమణికి ఫోన్ చేస్త అని చెప్పు. ఇక్కడ పని మస్తున్నది.

గంగాప్రసాద్


ఆర్మూర్
3 మార్చి 2025, సోమవారం

మామకు,

చిన్న బ్యాటరీ చెక్ చేపిచ్చిన. బలం తగ్గిందన్నరు, 24 తారీఖు నాడు కొత్తది ఏపిచ్చిన. ఎనిమిది రోజులు లైట్ రాలే. గా వారమంత అత్తమ్మ జ్వరమొచ్చి దవాఖానలనే ఉండె, నేను ఒక్కదాన్నే అన్నం డబ్బా పట్టుకొని పోవుడు, వచ్చుడు. ఇంట్ల మీ అల్లుడు అంజన్నకు చెప్పిన, "మా మామ షార్జాల కూసుండి కారు రోగం పట్టిండు" అని. ఆయన సుత ఖుషీ అయిండు. పసుపు ఉడకబెట్టుడు నడుస్తున్నది, తినేటందుకు ఆయనకు టైం లేదు.

ఇయ్యాల అత్తమ్మను ఇంటికి తెస్తుంటె అంకాపూర్ రాకముందే మల్ల వెల్గింది.

ఇంకో మాట. కడుపుల పెట్టుకొనుడు నాకు రాదు, రాస్తున్న. ఎన్క సీట్ల ఎవ్వలు కూసుంటున్నరని అడిగినవ్. లైట్‌కు, ఎన్క కూసునేటోళ్లకు సంబంధమేంది మామా? నీ చెవిల ఎవ్వలు ఏసిన్రు? ఆడది కారు తోల్తె, దాంట్ల ఒక మొగోడు ఉంటె, మా గల్లీల నోళ్లు ఊకుంటలేవని నాకు తెలుసు. శ్రవణ్ రక్తం కడిగిచ్చుకొని వస్తడు. వచ్చేటప్పుడు తల నిలబడది ఆయనకు. గసుంటి మనిషిని పట్టుకొని మాటలంటున్నరు. బయటోళ్లన్నరంటె పోనియ్. నన్ను ఎత్తుకొని పెంచినవ్, నువ్వు సుత అడుగుతవా?

ఎవ్వలు కూసుంటరో రాయ. నీ ఇష్టం.

రోజారాణి


షార్జా
6 మార్చి 2025

రోజా,

నీ కాయితం చదివి నాకు అన్నం పోలే. ఇక్కడ రంజాన్ నెల, మా రూంల అందరు పొద్దుమీకి కలిసి తింటరు. నేను ప్లేట్ ముంగట పెట్టుకొని ఉత్తగ కూసున్న. నీ మీద నాకు అనుమానమేంది బిడ్డా? శ్రవణ్ ఎవ్వలో, మీ గల్లీల ఏమనుకుంటున్నరో నాకు ఒక్కరు సుత చెప్పలే. నేనడిగింది కారు గురించే.

ఎందుకడిగిన అంటె... అది విడిచిపెట్టు. ఏదో ఒక ఆలోచన వచ్చింది, అడిగిన. పెద్ద పెద్ద మెకానిక్‌లు ఉంటరు, వాళ్లు చెప్పేదే నిజమయి ఉంటది. నిజామాబాద్ల స్కానర్ పెట్టి చూసే సెంటర్ ఉంటె అక్కడ చూపియ్.

నోట్‌బుక్ మాత్రం విడిచిపెట్టకు.

నీ మామ


ఆర్మూర్
15 మార్చి 2025, శనివారం

మామా,

నిన్న హోలీ. పండుగుంటేంది, డయాలసిస్ ఆగది కద. వచ్చేటప్పుడు మాక్లూర్ దాటినంక లైట్ వచ్చింది, ఎప్పటిలెక్క పోతదనుకున్న. పోలే. కారు గుంజుడు తగ్గింది. ఎంత తొక్కినా ఎడ్లబండి లెక్క నడుస్తున్నది. పక్కకు ఆపిన. ఎండ మండుతున్నది. రంగులు పూసుకున్న పోరగాండ్లు బండ్ల మీద అరుసుకుంట పోతున్నరు. అత్తమ్మ చద్దరు కప్పుకొని "ఇల్లొచ్చిందా బిడ్డా?" అంటున్నది. నేను "వచ్చింది అత్తమ్మా, ఇంకో అయిదు నిమిషాలు" అన్న. శ్రవణ్ నిలబడలేక కారును పట్టుకొని, ఒక ఆటోను ఆపిండు. ఇద్దరిని దాంట్ల పంపి నేను కారు దగ్గర కూసున్న. అరగంటకు దానంతట అదే మంచిగయింది. ఇంటిదాక ఏం ఎరుగనట్టు వచ్చింది. నాకైతె దాన్ని తన్నాలె అనిపిచ్చింది.

ఇయ్యాల పొద్దుగాల నిజామాబాద్ సెంటర్‌కు తీస్కపోయిన. స్కానర్ పెట్టి చూసి, పెద్ద బ్యాటరీ వేడెక్కుతున్నది, పాతదయింది, మొత్తం మార్చాలె అన్నరు. రెండు లక్షల మీద అయితదట. అంజన్న "అమ్మేద్దాం" అంటున్నడు. ఇందల్వాయి భీమ్‌రావు అని ఒకాయన వచ్చే ఆదివారం, 23న చూసేటందుకు వస్తడట. లైట్ లేని టైంల చూపించి ఇచ్చేద్దాం అంటడు అంజన్న. నాకు మనసొప్పుతలేదు. కొనేటాయన సుత తన ఇంటోళ్లను కూసుండబెట్టుకొని తోల్తడు కద.

నోట్‌బుక్ల రాసింది గిది. శుక్రవారం 7: పోయేటప్పుడు లేదు, వచ్చేటప్పుడు అంకాపూర్ కాడ వచ్చింది. ఆదివారం 9: మధ్యాహ్నం అంజన్న, నేను బాల్కొండ పోయినం, మస్తు ఎండ, ఏసీ పెట్టినం, లైట్ రాలే. సోమవారం 10: వచ్చేటప్పుడు వచ్చింది. బుధవారం 12: శ్రవణ్ రాలే, అయినా వచ్చేటప్పుడు వచ్చింది. పోయేటప్పుడు ఒక్కనాడు సుత రాలే. వచ్చేటప్పుడు ఏసీ పెట్టను, మిషిన్ మీది నుంచి లేచినంక అత్తమ్మకు చలి పుడ్తది. అద్దాలు సుత ఎక్కిస్త. నువ్వడిగినవ్ గనుక రాస్తున్న: ముంగట శ్రవణ్, ఎన్క అత్తమ్మ. తల కింద మెత్త పెట్టుకొని, రెండు చద్దర్లు కప్పుకొని పండుకుంటది. ఇగో, రాసిన.

ఇప్పుడు అసలు మాట. బాల్కొండ పోయిన నాడు ఎంకటి కలిసిండు. నీ కంపెనీలనే డ్రైవర్ అట కద, సెలవు మీద వచ్చిండు. నీ పేరు చెప్పి, మా మామ మెకానిక్ అన్న. ఆయన మొఖం ఒకతీరు పెట్టి "మెకానిక్ ఏంది చెల్లె, ప్రసాదన్న కార్లు కడుగుతడు" అన్నడు. అంజన్న పక్కనే ఉన్నడు. నేను "ఇంకో ప్రసాద్ కావచ్చు" అన్న. ఎంకటి మాట మార్చిండు.

అది నిజమేనా? నీ మాట మీద కారు కొన్న, నీ మాట మీద బ్యాటరీ మార్చిన, ఇప్పుడు నీ మాట కోసమే కూసున్న. నిజమైతె చెప్పు. కాకపోతె సుత చెప్పు. 23 లోపల రాయి.

రోజ


షార్జా
18 మార్చి 2025

రోజా,

నిజమే.

నేను మెకానిక్‌ను కాను, ఒక్కనాడు సుత కాలే. ఇక్కడికి హెల్పర్ వీసా మీద వచ్చిన. వచ్చిన నెలకు పరీక్ష పెట్టిన్రు, అంత ఇంగ్లీషుల అడిగిన్రు, నా నోట్ల నుంచి మాట రాలే. కడిగే కాడ ఏసిన్రు. ఆ ఆదివారం రాజమణి ఫోన్ల "ఏడ పని?" అని అడిగితె "గ్యారేజ్ల" అన్న. అది అబద్ధం కాదు, కడిగేది సుత గ్యారేజ్లనే. తెల్లారి బాల్కొండల అందరు నన్ను మెకానిక్ చేసిన్రు. నేను కాదనలే. సెలవుల వచ్చినప్పుడు స్కూటర్లు తెచ్చి ముంగట పెడితె, "మేం కంపెనీ కార్లే ముట్టుకుంటం" అని తప్పిచ్చుకున్న. గట్ల పదకొండేండ్లయింది. చెవులు పోయింది సుత నీళ్లు కొట్టే మిషిన్ల సప్పుడుకే.

చిన్న బ్యాటరీ మాట నాది కాదు. ఒక మెకానిక్‌ను అడిగి నీకు రాసిన. ఇప్పుడు రాసేది మాత్రం నాదే. నమ్ముతవో లేదో నీ ఇష్టం.

ఎన్క సీటు పక్కన, కింద, ప్లాస్టిక్ జాలి ఒకటుంటది చూడు, అరచేయంత. చానమందికి అదేందో తెల్వదు. పెద్ద బ్యాటరీ గాలి పీల్చుకునేది అక్కడి నుంచే. కారు లోపలి గాలినే ఒక ఫ్యాన్ గుంజి బ్యాటరీ మీదికి కొడ్తది. జాలి మూసుకుంటె బ్యాటరీకి ఊపిరాడది. వేడెక్కుతది, లైట్ ఏస్తది, ఇంకా వేడెక్కితె గుంజుడు తగ్గిస్తది. చల్లారినంక మల్ల మంచిగయితది. రోజుకు నలభై టాక్సీల జాలీలు నేను సాఫ్ చేస్త. ఇసుక, బిస్కెట్ పొడి, ఎంట్రుకలు, ఒకనాడు చిన్నపిల్లల మేజోడు సుత ఎల్లింది. లైట్ వచ్చిన టాక్సీ వస్తె మా ఫోర్‌మన్ పానా పట్టకముందు నన్ను పిలుస్తడు. చాన కార్లు అక్కడి నుంచే వాపస్ పోతయ్.

అందుకే ఎన్క ఎవ్వలు కూసుంటున్నరని అడిగిన. ఎందుకో చెప్పాలంటె నేను కడిగెటోన్నని చెప్పాలె. నోరు రాలే. నా సిగ్గు కోసం నిన్ను అన్ని మాటలు పడనిచ్చిన.

నీ నోట్‌బుక్ చూస్తె నాకు కండ్లముంగట కనబడుతున్నది. మధ్యాహ్నం ఎండ, ఏసీ లేదు, అద్దాలు బంద్, జాలి మీద అత్తమ్మ మెత్త, చద్దర్లు. ఆమె దవాఖానల ఉన్న వారం లైట్ ఎందుకు రాలే? ఎన్క ఎవ్వలు లేరు. కొత్త బ్యాటరీ వల్ల కాదు.

ఇట్ల చెయ్యి. కారు బంద్ చేసి, చల్లారినంక జాలి ఊడబెరుకు. దాని ఎన్క సన్నటి వడపోత గుడ్డ అసొంటిది ఉంటది. అది తీసి సాఫ్ చెయ్యి. లోపలికి గాలి ఊదకు, దుమ్ము ఇంకా లోపలికి పోతది, దుమ్ము గుంజే మిషిన్ పెట్టు. నారింజ రంగు వైర్లు కనబడితె చెయ్యి పెట్టకు, అది సంపే కరెంట్. ఫ్యాన్ సుత దుమ్ము పట్టి ఉంటె తెలిసినోనితోనే తీపియ్. అత్తమ్మ మెత్తను అవతలి దిక్కు పెట్టు. ఏసీ సన్నగ నడిపియ్, ఆమెకు ఇంకో చద్దరు కప్పు.

ఇగ రాజమణికి నువ్వు చెప్తవో, నేనే చెప్పాల్నో. ఇంత రాసినంక నాకే తెలుస్తలేదు.

గంగాప్రసాద్


ఆర్మూర్
25 మార్చి 2025, మంగళవారం

మామా,

నీ కాయితం వచ్చిన రోజే ఫంక్షన్ హాల్‌ల తివాచీల దుమ్ము గుంజే మిషిన్ అడిగి తెచ్చిన. అంజన్న టార్చి పట్టుకున్నడు. జాలి తీసినం. మామా, దాని ఎన్క గుడ్డ లేదు, పసుపు రొట్టె ఉన్నది! గీ సీజన్ల కారును కల్లంల పసుపు కొమ్ములు పాలిష్ పట్టే డ్రమ్ము పక్కనే కద పెడ్తున్నం. అద్దాలు దించి ఉంటయ్. డ్రమ్ము తిరిగినంత సేపు పొడి లేస్తది, కార్ల కూసుంటది. తోలేటప్పుడు ఫ్యాన్ దాన్ని గుంజి గుంజి ముద్ద చేసింది. అంజన్న ఏలుతోని గీకి వాసన చూసి, "ఇంత మంచి పసుపును రెండు లక్షల రోగం చేసినమా?" అన్నడు. ఇద్దరం మస్తు నవ్వినం. ఎన్నాళ్లకో గట్ల నవ్వినం.

ఫ్యాన్‌కు సుత పట్టింది, గురువారం నిజామాబాద్ల ఒకాయనతోని తీపిచ్చి సాఫ్ చేపిచ్చిన. ఆయన స్కానర్‌ల చూసి, బ్యాటరీ ఇప్పటికైతె మంచిగనే ఉన్నది, ఎండాకాలం గడిస్తె పక్కాగ చెప్పొచ్చు అన్నడు. శుక్రవారం రాలే. నిన్న సోమవారం, నెత్తి పగిలే ఎండల సుత రాలే. మెత్త అవతలికి పెట్టిన. అయినా నా కండ్లు మీటర్ మీదికే పోతున్నయ్. ఇంకొన్ని రోజులు పోతయ్ కావచ్చు.

ఆదివారం భీమ్‌రావు వచ్చిండు. నేను ఉన్నదున్నట్టు మొత్తం చెప్పిన, లైట్, మాక్లూర్, పసుపు అంత. ఆయన ఇని "అయితె నాకియ్యున్రి, జాలి ఏడుంటదో తెలిసింది కద" అన్నడు. అంజన్ననే "ఇయ్యం" అన్నడు.

నీ మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్న. ఉన్నది. లైట్ కోసం కాదు. మొదటి కాయితంలనే నాలుగు లైన్లు రాస్తె అత్తమ్మ హోలీ నాడు తొవ్వ మీద ఎండల పండుకోకపోవు. గిది నువ్వు తెలుసుకోవాలె. తెలుసుకున్నంక ఇగ మనసుల పెట్టుకోకు. శ్రవణ్ గురించి నేను నిన్ను అన్నయి సుత వాపస్ తీసుకుంటున్న.

ఇయ్యాల బాల్కొండ పోయిన. రాజమణి అత్తకు చెప్పాల్నా వద్దా అని తొవ్వంత ఆలోచిచ్చుకుంటనే పోయిన. కూసున్న, చాయ్ ఇచ్చింది, "లైట్ పోయిందా?" అని అడిగింది. పోయింది, మామనే చెప్పిండు అన్న. ఆమె నవ్వి, "కడిగే కాడ ఉన్నోనికి తెల్వదా మరి" అన్నది.

"నీకు తెలుసా అత్తా?" అన్న.

"ఆరేండ్ల సంది తెలుసు. సెలవు మీద వస్తె ఏళ్ల సందులల్ల తోలు తెల్లగ నాని పగిలి ఉంటది. గోర్లల్ల ఒక్కనాడు నల్లమరక చూడలే. మెకానిక్ చేతులు గట్లుంటయా?"

మరి ఎందుకు అడగలే అన్న. ఆమె అన్నది: "నేను మెకానిక్‌ను అని చెప్పుకునేటప్పుడు ఆయన మొఖం నువ్వు చూడలే. ఆ మొఖంల వెల్గు తీసేసేటందుకు నాకు చెయ్యి రాలే. కానీ రోజా, అడిగితె బయటపడ్తడని, ఆ చేతులకు ఏమైందని సుత అడగరాకపాయె. అదొక్కటే నాకు బాధ."

ఉన్నదున్నట్టు రాసిన. ఇగ నువ్వు, ఆమె.

నీ రోజ


షార్జా
29 మార్చి 2025

బిడ్డా,

మూడు రోజులు ఏం రాయలేకపోయిన. నీ కోపం సరైందే. చదివిన, మింగిన.

నిన్న శుక్రవారం సెలవు. రాజమణికి వీడియోల ఫోన్ చేసిన. ఏమేం చెప్పాల్నో చీటీ మీద రాసుకొని కూసున్న. ఆమె మొఖం కనబడంగనే చీటీ ఏడబెట్టిన్నో తెల్వలే. ఆమె ఏదో మాట్లాడుతున్నది, పెదవులు కదులుతున్నయ్, నాకు సగం ఇనబడలే. "నేను..." అని మొదలుపెట్టిన. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఒక్క మాట మాత్రం గట్టిగ, విడమరిచి అన్నది, అది ఇనబడ్డది.

"చేతులు చూపియ్."

రెండు చేతులు కెమెరా ముంగట పెట్టిన. అరచేతులు చూసింది. తిప్పమన్నది, తిప్పిన. ఏళ్లు విడదీయమన్నది, విడదీసిన. ఆమె ఫోన్‌ను మొఖానికి దగ్గర తెచ్చుకున్నది, నాకు ఆమె కండ్లే కనబడుతున్నయ్. చానసేపు చూసింది రోజా. నేను చేతులు దించలే.

మామ